పది తర్వాత హాస్టలా, జీడిపప్పు పనా?

ప్రశ్న: మా బాబుకి ఆటిజం. తొమ్మిది చదువుతున్నాడు. లెక్కలు బాగా చేస్తాడు, వస్తువులు వరసగా పేరుస్తాడు. మాట తక్కువ, గోల పడదు. ఇంటర్‌కి హాస్టల్లో వేయమని బంధువులు, జీడిపప్పు ఫ్యాక్టరీలో పని నేర్పిద్దామని మావారు అంటున్నారు. – ఒక తల్లి, పలాస

జవాబు: హాస్టల్ వద్దమ్మా. గంటగంటకీ బెల్లు, మెస్సులో వందమంది రొద. లెక్కలు వచ్చినా అక్కడ నిలవలేడు, పైగా మొండివాడని పేరొస్తుంది. ఇంటర్ కావాలంటే ఓపెన్ స్కూల్లో అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కర్లేదు.

ముందు సర్టిఫికెట్ సంగతి చూడండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. రిజర్వేషన్లకి వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. ఆటిజం ఎంతుందో కొలిచే ‘ఐసా’ స్కేలులో 40 అంశాలకి ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు వేస్తారు. మొత్తం 70 నుంచి ఆటిజం కింద లెక్క. చాలామంది అక్కడే “అన్నీ చేసుకుంటాడండీ” అనేస్తారు. స్నానం, బట్టలు, బజారు ఎవరూ గుర్తుచేయకుండా ఎంతవరకు చేసుకుంటాడో అంతే చెప్పండి. పదో తరగతికి సహాయకుడు, అదనపు సమయం కావాలంటే పరీక్ష ఫీజు కట్టేటప్పుడే హెడ్మాస్టరుకి రాసివ్వండి.

మీవారి ఆలోచన సగం బాగుంది. గింజ కొట్టే చోట మాత్రం వద్దు: తొక్కలో నూనె చర్మాన్ని కాలుస్తుంది, మిషన్ల మోత వేరే. పప్పుని రకం, సైజు చూసి వేరుచేసే గ్రేడింగ్ బల్ల నప్పుతుంది. డబ్ల్యూ 320 గ్రేడు అంటే పౌనుకి (సుమారు 454 గ్రాములు) దాదాపు 320 గుండ్లు, అంటే విరగని పప్పులు. లెక్కలంటే ఇష్టమున్నవాడికి ఇది ఆటే. 18 నిండేదాకా ఇంట్లోనే నేర్పండి. 200 గ్రాముల పప్పు, రెండు గిన్నెలు: గుండు, బద్ద. గిన్నె ముందు నమూనా గింజ అతికించండి. చెప్పకండి, చేసి చూపండి. పది నిమిషాలతో మొదలుపెట్టి, వారంపాటు తప్పు రాకపోతే ముక్కలకి మూడో గిన్నె పెట్టండి. సైజులు ఆఖర్న.

గిన్నెల చోటు మార్చినా, “కానీ, కానీ” అని తొందరపెట్టినా పని చెడుతుంది. “ఇంకొంచెం” అంటే ఎంతో వాడికి తెలీదు. పళ్లెం ఖాళీ అయితే పని అయిపోయినట్టేనని చూపండి. గోల ఎక్కువైతే ఎత్తి చూపడానికి ఒక ఎర్ర కార్డు అలవాటు చేయండి. రేపు పనిచోట కేకలు పెట్టకుండా బయటికి రావడానికి అదే దారి.

18 దాటాక చట్టం ప్రకారం మీరు వాడికి దానంతటదే సంరక్షకులు అయిపోరు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. బ్యాంకు పని అర్థం చేసుకుని వాడే సంతకం పెట్టగలిగితే ఆ తొందర లేదు.