గంగలో పడతాననే అనుకుని బయల్దేరు

బుజ్జమ్మా,

దసరా సెలవులకి నువ్వూ మీ ఆఫీసు ఫ్రెండ్స్ ఐదుగురూ రిషికేశ్ వెళ్లి గంగలో రబ్బరు పడవ మీద రాఫ్టింగ్ చేస్తారట కదా, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "నువ్వైనా చెప్పి మానిపించరా" అంది. నేను మానిపించను. నాలుగుసార్లు వెళ్లొచ్చాను, రేపు ఎవరైనా పిలిస్తే మళ్లీ వెళ్తాను. కానీ నీకు చెప్పాల్సినవి చెప్పకుండా పంపిస్తే మీ అమ్మకి మొహం చూపించలేను, అందుకని కాస్త ఓపిగ్గా చదువు. మీ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టు.

రాఫ్ట్ ఎక్కేవాళ్లందరూ పడిపోకుండా ఎలా కూర్చోవాలా అనే ఆలోచిస్తారు. నువ్వు మాత్రం పడతాననే అనుకుని బయల్దేరు. పడితే ఏం చెయ్యాలో ఒంటికి తెలిసి ఉంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు రోలర్ కోస్టర్ అనే ర్యాపిడ్‌లో, అంటే నీళ్లు బండల మధ్య ఎగిసిపడుతూ వడిగా పోయే చోట, పడ్డాను. రాజమండ్రిలో రేవు మెట్ల మీద నుంచి దూకి ఈత నేర్చుకున్నవాణ్ణి, నాకు నీళ్లంటే భయమేంటి అనుకున్నాను. ఆ నీళ్లు వేరమ్మా. దేవప్రయాగలో అలకనంద, భాగీరథి కలిసి గంగ అవుతుంది, పైనుంచి మంచు కరిగి వచ్చే నీళ్లు కదా, పడగానే ఒళ్లు జిల్లుమని మనకి తెలియకుండానే గట్టిగా ఊపిరి లాగేస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ఇక అంతే, గుటకలు పడతాయి. నేనేమో అలవాటు కొద్దీ బోర్లా తిరిగి ఒడ్డు వైపు బారలు వేశాను, మోకాలు పోయి బండకి కొట్టుకుంది. పదిహేను రోజులు మెట్లు ఎక్కలేకపోయాను. ఎలా తేలాలో గైడ్ ఒడ్డునే చెప్పాడు, ఆ పది నిమిషాలూ నేను ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుంటూ ఉన్నాను. ఆ తప్పు పూర్తిగా నాది.

కాబట్టి ఇది మనసులో పెట్టుకో. పడితే వెంటనే వెల్లకిలా తిరుగు, కాళ్లు నీళ్లు పోయే వైపుకి చాపి, కాలి బొటనవేళ్లు నీళ్ల పైకి కనిపించేలా ఉంచు. బండ ఏదైనా అడ్డొస్తే కాళ్లు తగులుతాయి, తల తగలదు. నడుము లోతు నీళ్లే కదా అని వడి ఉన్నచోట నిలబడటానికి మాత్రం ప్రయత్నించకు, పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుందంటే వెనకనుంచి నీళ్లు తోసి మనిషిని ముందుకి వంచేస్తాయి, ఈతగాళ్లు కూడా పోయేది అలాగే. ఒకవేళ తల రాఫ్ట్ కిందకి వెళ్లిపోతే రెండు చేతులూ పైకెత్తి దాని అడుగుని తడుముకుంటూ ఒకే వైపుకి జరుగు, కొన్ని సెకన్లలో బయటికొచ్చేస్తావు. గైడ్ తాడు విసిరితే తాడునే పట్టుకో, చేతికి చుట్టుకోవద్దు, భుజం మీదుగా గుండెల దగ్గర పెట్టుకుని వెల్లకిలా ఉండిపో, వాళ్లే లాగుతారు.

లైఫ్ జాకెట్ సంగతి నువ్వే చూసుకోవాలి, ఎవరో బిగించారులే అని వదిలెయ్యకు. బకిల్స్ అన్నీ పెట్టాక నీ ఫ్రెండ్‌ని రెండు భుజాల దగ్గరా పట్టుకుని పైకి లాగమను. జాకెట్ చెవుల దాకా వచ్చిందంటే అది నీళ్లలో నీ తల మీదుగా ఊడిపోతుంది. మళ్లీ బిగించు, మళ్లీ లాగించు. ఒంటికి గట్టిగా పట్టి ఉండాలి, కానీ ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది కాకూడదు. బకిల్ విరిగినదో, బట్ట చిరిగి లోపలి ఫోమ్ కనిపించేదో ఇస్తే మొహమాటపడకుండా వేరేది అడుగు. హెల్మెట్ నుదుటి మీదకి ఉండాలి, ఫొటోలో మొహం బాగా పడాలని వెనక్కి నెట్టుకోవద్దు. తెడ్డు చివర అడ్డంగా ఉండే పిడి మీద నుంచి చెయ్యి అసలు తియ్యకు. రాఫ్ట్ ఎగిరిపడినప్పుడు ఆ పిడి తగిలి పక్కవాళ్ల పళ్లు ఊడతాయి, మా రాఫ్ట్‌లోనే ఒకబ్బాయి పెదవి చీలి రక్తం కారింది.

ఎంత దూరం వెళ్లాలనేది ఇప్పుడే తేల్చుకోండి. రిషికేశ్ దాకా బ్రహ్మపురి నుంచి అయితే 9 కిలోమీటర్లు, శివపురి నుంచి 16, మెరైన్ డ్రైవ్ నుంచి 24, కౌడియాలా నుంచి 36 దాకా ఉంటుంది. మీ ఆరుగురిలో ముందు చేసినవాళ్లు లేరు కాబట్టి శివపురి చాలు. రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ అనే ర్యాపిడ్లు అందులోనే వస్తాయి, తక్కువేం కాదు. కౌడియాలా వైపు 'ద వాల్' అని ఒక ర్యాపిడ్ ఉంది, నీళ్లు ఎక్కువున్నప్పుడు అనుభవమున్న గైడ్లు కూడా జనాన్ని దింపి ఒడ్డున నడిపించేస్తారు. వానాకాలంలో జులై, ఆగస్టు రాఫ్టింగ్ ఆపేస్తారు, మళ్లీ సెప్టెంబరు చివర్లో మొదలవుతుంది. దసరాకి నీళ్లు ఇంకా వడిగానే ఉంటాయి, అందుకే చెప్తున్నా. "ఈరోజు ఇంతవరకే" అని గైడ్ అంటే డబ్బులిచ్చాం కదా అని వాదించకండి. శని, ఆదివారాలు తప్పించండి, ఆ రెండు రోజులూ ట్రాఫిక్‌లోనే అయిపోతాయి, నది మీద కూడా రాఫ్ట్ వెనక రాఫ్ట్. చవకగా వస్తుందని రోడ్డు మీద పిలిచినవాళ్ల దగ్గర బుక్ చెయ్యొద్దు. గైడ్‌కి లైసెన్స్ ఉందా, వెంట సేఫ్టీ కయాక్ (పడినవాళ్లని కాపాడటానికి పక్కనే వచ్చే చిన్న పడవ) వస్తుందా అని అడగండి, ఆ ప్రశ్నకి చిరాకు పడ్డారంటే అక్కణ్ణుంచి వచ్చెయ్యండి.

ఇంకో మాట, ఇది రాస్తుంటేనే చెయ్యి ఆడట్లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. వాళ్లు రాఫ్టింగ్ కూడా చెయ్యట్లేదు తల్లీ, బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు, పైనున్న లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. గంగకి పైన కూడా డ్యాములున్నాయి. రాఫ్ట్‌లో ఉన్నంతసేపూ జాకెట్, హెల్మెట్, గైడ్ అన్నీ ఉంటాయి. అది దిగాక సాయంత్రం ఇసుకలో కూర్చుని, కాళ్లు కడుక్కుందామని అడుగు వేస్తారు చూడు, నాకు అసలు భయం అక్కడ. ఖాళీగా, ప్రశాంతంగా కనిపించే రేవులో ఎవ్వరూ దిగొద్దు. గొలుసులు కట్టిన ఘాట్లున్నాయి, స్నానం అక్కడ చెయ్యండి.

బట్టల విషయానికొస్తే జీన్స్ వద్దు, తడిస్తే బరువు, ఆరదు. త్వరగా ఆరిపోయే ట్రాక్ ప్యాంటు, టీషర్టు చాలు. చెప్పులు మొదటి ర్యాపిడ్‌లోనే పోతాయి, వెనక స్ట్రాప్ ఉన్న శాండల్స్ గానీ పాత షూస్ గానీ వేసుకో. నీ కళ్లద్దాలకి తాడు కట్టు. గాజులు, గొలుసు, ఉంగరం రూములోనే పెట్టెయ్. ముందురోజు రాత్రి మీవాళ్లెవరైనా మందు తాగుతామంటే గట్టిగా చెప్పు, పొద్దున రాఫ్ట్‌లో అందరి ప్రాణాలూ కలిసే ఉంటాయి. పొద్దున ఇడ్లీనో రెండు అరటిపళ్లో తిని ఎక్కండి. ఉండటానికి రిషికేశ్ పక్కనే మునికీరేతిలో టీటీడీ వాళ్ల ఆంధ్రా ఆశ్రమం ఉంది, నేను అక్కడే దిగాను, రూముల కోసం ముందే కనుక్కో.

మీ గ్రూపులో ఒకమ్మాయికి ఆస్తమా ఉందని మీ అమ్మ అంది. ఆ అమ్మాయిని డాక్టర్‌ని అడిగి రమ్మను. సరే అంటే ఇన్‌హేలర్ రెండు తెచ్చుకుని ఒకటి గైడ్ దగ్గరుండే డ్రై బ్యాగులో (నీళ్లు చొరబడని సంచిలో) పెట్టించండి, గైడ్‌కి విషయం చెప్పండి. దాచిపెట్టడం మాత్రం వద్దు. వద్దంటే ఆ అమ్మాయి ఒక్కతే మిగిలిపోయినట్టు ఉండకుండా అదే రోజు వేరే ఏదైనా చూడండి. ఈ సంగతి తేలాకే టికెట్లు తీసుకో, ఆదివారంలోగా నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య