అల్యూమినియం చిమ్మడానికి కారణం మంట కాదు, తేమ

గాజువాక మిత్రమా, లోహం కరిగించే పాత్ర అయిన మూసలో కొత్త తుక్కు ముక్క వేయగానే కరిగిన అల్యూమినియం పైకి చిమ్ముతోందని, గ్యాస్ మంట ఎక్కువైందేమోనని అడిగారు. మంటను అనుమానించకండి. విశాఖ ఉక్క మీకు చెప్పాలా! బయట పడేసిన తుక్కు మీద, పటకారు కొన మీద కంటికి ఆనని చెమ్మ ఉంటుంది. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఆ ద్రవం అడుగుకు చేరిన నీటిచుక్క ఆవిరై దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది. లోహాన్ని ముఖం మీదికి విసిరేది అదే.

ప్రతి ముక్కనూ కొలిమి మూత అంచున బాగా వేడెక్కనిచ్చి, పటకారుతో నెమ్మదిగా దించండి. పటకారు, గరిటె, ఇనుప అచ్చు కూడా అలాగే వేడి చేయాలి. నోరు మూసుకుపోయిన గొట్టాలు, డబ్బాలు అసలు వేయవద్దు. పోత పని సిమెంటు గచ్చు మీద చేయకండి. లోహం ఒలికితే గచ్చులోని తేమకే పెచ్చులు పేలతాయి. పొడి ఇసుక మందంగా పరవండి. ఒలికినదాని మీద నీళ్లు మాత్రం పోయకండి.

నన్ను ఇంతకన్నా కలవరపెట్టింది, కొలిమి సెల్లార్‌లో ఉందని మీరు మాటవరసకు రాసిన ముక్క. కొలిమిలో మండించే ప్రొపేన్ గ్యాస్ గాలి కన్నా బరువు, మన ఎల్పీజీ కూడా అంతే. కారితే నేలబారున పేరుకుంటుంది, సెల్లార్‌లో బయటికి పోయే దారి ఉండదు. ముందు దాన్ని ఆరుబయటికి మార్చండి, పోత సంగతి తర్వాత. వంటింటి సిలిండర్ ఈ పనికి వాడకూడదు. వాణిజ్య సిలిండర్, హైప్రెషర్ రెగ్యులేటర్ తీసుకుని, వెలిగించే ముందు ప్రతి అతుకునూ సబ్బు నురగతో చూసుకోండి.