మళ్లీ పుస్తకం పడుతున్నవారికి: ఇంజినీరింగ్ సందేహాలు, సమాధానాలు

ఉద్యోగం చేస్తూనే ఇంజినీరింగ్ వైపు మళ్లాలనుకుంటున్న నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకుల నుంచి వచ్చిన నాలుగు ప్రశ్నలకు ఈసారి సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: బీఎస్సీలో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివాను. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. వయసు 31. బీటెక్ చేయాలంటే మళ్లీ ఎంసెట్ రాసి నాలుగేళ్లూ చదవాలా? – ఓ పాఠకురాలు, కావలి

జవాబు: అక్కర్లేదండి. డిగ్రీలో గణితం ఒక సబ్జెక్టుగా చదివినవారు ఈసెట్ (డిప్లొమా, బీఎస్సీ వారికి పెట్టే ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. డిగ్రీలో 45 శాతం మార్కులు ఉండాలి. రిజర్వేషన్ వర్గాలకైతే 40 చాలు. ప్రవేశానికి గరిష్ఠ వయోపరిమితి లేదు. బీఎస్సీ వారి పేపర్ 200 మార్కులకు ఉంటుంది: గణితం 100, అనలిటికల్ ఎబిలిటీ 50, ఇంగ్లిష్ 50. మూడు గంటల సమయం, నెగెటివ్ మార్కులు ఉండవు. 50 మార్కులు వస్తే అర్హత వచ్చినట్టే. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీసం కూడా లేదు. నోటిఫికేషన్ వేసవికి ముందే పడుతుంది కాబట్టి సంక్రాంతి తర్వాత చదువు మొదలుపెడితే ఆలస్యమవుతుంది. దసరా నుంచే పట్టండి.

పరీక్ష గట్టెక్కించే గణితం వేరు, క్లాసులో కావలసిన గణితం వేరు. ఈసెట్‌లో అడిగేవి మీ డిగ్రీ పాఠాలే: అవకలన సమీకరణాలు, గ్రూపులు, రింగులు, లీనియర్ ఆల్జీబ్రా, రియల్ ఎనాలిసిస్. రెండో ఏడాదిలో కూర్చున్నాక గ్రూపులు, రింగులు దాదాపు కనపడవు. త్రికోణమితి, సంకీర్ణ సంఖ్యలు, సమాకలనం, మాత్రికలు మాత్రం రోజూ కావాలి. చాలాకాలంగా హైస్కూలు లెక్కలే చెబుతున్నవారికి మొదట మొరాయించేది సమాకలనమే. ఇంటర్ రెండో ఏడాది పుస్తకం తెరిచి, రోజుకు పది లెక్కలు చూడకుండా చేయండి. పక్కన జవాబు పెట్టుకుని చదివితే వచ్చినట్టే ఉంటుంది, పెన్ను పట్టాక రాదు.

మొదటి ఏడాది చదవలేదు కాబట్టి ఇంజినీరింగ్ డ్రాయింగ్, ఇంజినీరింగ్ మెకానిక్స్ ఈ రెండింటినీ రెండో ఏడాది సబ్జెక్టులతో పాటే పాసవ్వాలి. బీఎస్సీ నుంచి వచ్చినవారు ఎక్కువగా తడబడేది డ్రాయింగ్‌లోనే. చేరడానికి నెల ముందే మినీ డ్రాఫ్టర్ (సమాంతర గీతలు గీసే పరికరం), డ్రాయింగ్ బోర్డు, పెన్సిళ్లు కొనుక్కోండి. నిర్మాణ గీతలకు 2హెచ్, వస్తువు అంచులకు హెచ్, అక్షరాలకు హెచ్‌బీ. డ్రాఫ్టర్‌ను బోర్డు పైఅంచున బిగించి, ముందుగా అడ్డగీత ఒకటి, నిలువుగీత ఒకటి గీసి సెట్‌స్క్వేర్‌తో సరిచూడండి. మర వదులైతే గీతలు సమాంతరంగా రావు. అది కంటికి తెలియదు. షీటు సగమయ్యాక ప్రొజెక్షన్లు కలవనప్పుడే బయటపడుతుంది.

ఇంకో తిప్పలు: మన దగ్గర నేర్పేది ఫస్ట్ యాంగిల్ పద్ధతి. ముందు చూపు (ఫ్రంట్ వ్యూ) ఎక్స్‌వై గీతకు, అంటే చూపులను విడదీసే అడ్డగీతకు, పైన, పై చూపు (టాప్ వ్యూ) కింద, ఎడమ పక్క చూపు కుడివైపున వస్తాయి. అమెరికా వీడియోల్లో థర్డ్ యాంగిల్ చూపిస్తారు. అక్కడ పై చూపు పైనే ఉంటుంది. ఆ వీడియోలు చూసి నేర్చుకున్నవారు పరీక్షలో వస్తువును సరిగ్గా ఊహించి కూడా చూపులను తారుమారుగా పెట్టేస్తారు.

సీట్ల విషయంలో ఒక సంగతి తెలుసుకోండి. కావలికి ఒంగోలు దగ్గరే, కానీ నెల్లూరు జిల్లా ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం) లోకల్ ఏరియా, ప్రకాశం ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) లోకల్ ఏరియా. 85 శాతం సీట్లు లోకల్ వారివి. కాబట్టి ఒంగోలు కాలేజీల్లో మీకు మిగిలిన 15 శాతంలోనే పోటీ. వెబ్ ఆప్షన్లలో నెల్లూరు వైపు కాలేజీలు ఎక్కువగా పెట్టుకోండి. లోకల్ అని చూపడానికి పాత స్టడీ సర్టిఫికెట్లు చదివిన స్కూళ్ల నుంచి ఇప్పుడే తీసుకోండి. వాటిలో మూతపడినవి ఏవైనా ఉంటే రికార్డుల కోసం మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు తిరగాల్సి వస్తుంది.

హాజరు 75 శాతం తప్పనిసరి. తగిన కారణం చూపితే 65 దాకా సడలిస్తారు, అంతకంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. స్కూలు ఉద్యోగం చేస్తూ ఇది కుదరదు. సాయంత్రం ట్యూషన్లు చెప్పుకోవచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు వయసు నిబంధన ఉంది, ఇదివరకు డిగ్రీకి తీసుకుని ఉంటే మళ్లీ రావడం కష్టం. మూడేళ్ల ఫీజూ సొంతంగా కట్టగలిగేలా లెక్క వేసుకున్నాకే స్కూలుకు రాజీనామా ఇవ్వండి.

ప్రశ్న: ఐటీఐ ఫిట్టర్ పాసై గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. వయసు 27. ఉద్యోగం వదలకుండా ఇంజినీర్ కావచ్చా? – ఓ పాఠకుడు, చీమకుర్తి

జవాబు: కావచ్చు, అయితే మధ్యలో రెండేళ్లు పని మానాలి. రెండేళ్ల ఐటీఐ చేసినవారికి డిప్లొమా రెండో ఏడాదిలో చేరే వీలుంది. దానికి బ్రిడ్జి కోర్సు (ఐటీఐకీ డిప్లొమాకీ మధ్య లోటు పూడ్చే కోర్సు) పరీక్ష పాసై, ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఒంగోలులోని డీఏ ప్రభుత్వ పాలిటెక్నిక్ మీకు దగ్గర. ఆ రెండేళ్లూ పగటి క్లాసులే. డిప్లొమా చేతికొచ్చాక దారి రెండుగా చీలుతుంది: ఈసెట్ రాసి రెగ్యులర్ బీటెక్‌లో చేరడం, లేదా మళ్లీ పనిలో చేరి వర్కింగ్ ప్రొఫెషనల్స్ బీటెక్ చదవడం. సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ 2023 నుంచి కొన్ని కాలేజీలకు ఈ రెండోదానికి అనుమతి ఇస్తోంది. క్లాసులు సాయంత్రం పూట జరుగుతాయి. కనీసం ఏడాది పూర్తికాల ఉద్యోగానుభవం ఉండాలి, కంపెనీకీ కాలేజీకీ మధ్య దూరానికీ పరిమితి ఉంది. జీతం చేతికిచ్చే చోట పనిచేస్తే ఆ అనుభవాన్ని రుజువు చేయలేరు. పీఎఫ్, ఈఎస్‌ఐ, జీతం స్లిప్పులు ఉండేలా ఇప్పటి నుంచే చూసుకోండి.

లెక్కలంటే భయమని మీ ఉత్తరంలో రాశారు. మీ యార్డులోనే ఉన్న పాఠం ఒకటి చూడండి. పది టన్నుల బండను రెండు స్లింగులతో (క్రేన్ కొక్కేనికి తగిలించే తాళ్లతో) లేపుతున్నారనుకోండి. స్లింగు నేలకు సమాంతర గీతతో 60 డిగ్రీల కోణం చేస్తే ఒక్కో స్లింగు మీద పడే లాగుడు 10ని, సైన్ 60కి రెట్టింపుతో భాగిస్తే వచ్చేంత, అంటే దాదాపు 5.8 టన్నులు. పొట్టి స్లింగు వేసి కోణం 30 డిగ్రీలకు తగ్గితే సైన్ 30 అంటే సగం కాబట్టి ఒక్కో స్లింగు మీద ఏకంగా 10 టన్నులు పడుతుంది. బండ అదే, స్లింగు మీద లాగుడు మాత్రం దాదాపు 1.7 రెట్లవుతుంది. తెగేది ఇక్కడే. మెకానిక్స్‌లో మొదట నేర్పే ఫ్రీ బాడీ డయాగ్రమ్ ఇదే: బండను విడిగా గీసి, దాని మీద పడే బలాలన్నీ బాణాలుగా గుర్తించడం. ఒక్క బాణం మరిచిపోతే లెక్కంతా తప్పుతుంది. మీ చేతికి అలవాటైన పని కాగితం మీదకి రావడమే కాబట్టి భయపడాల్సింది లేదు.

ప్రశ్న: బీకాం చదివి థర్మల్ పవర్ ప్లాంట్‌లో అకౌంట్స్ చూస్తున్నాను. వయసు 34. ఒక ఏజెంటు దూరవిద్యలో ఏడాదిలో బీటెక్ ఇప్పిస్తానంటున్నాడు. నమ్మవచ్చా? – ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: నమ్మకండి. ఏఐసీటీఈ దూరవిద్యలో బీటెక్‌ను గుర్తించదు. అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందులో నాలుగు డీమ్డ్ వర్సిటీల డిగ్రీలు చెల్లవని తేల్చింది. 2001 – 2005 మధ్య చేరినవారికి పరీక్ష రాసే వీలిచ్చింది, తర్వాతివారివి రద్దయ్యాయి. ఏడాదిలో ఇచ్చేది ఉద్యోగం దొరకడానికి పనికిరాదు సరికదా, సర్టిఫికెట్ల పరిశీలన జరిగితే ఇప్పుడున్న ఉద్యోగానికే ముప్పు తెస్తుంది. ఏఎంఐఈ (కాలేజీకి వెళ్లకుండా ఇంజినీర్ల సంస్థ పరీక్షలు రాసి పొందే అర్హత) పేరు చెబితే కూడా జాగ్రత్త. 2013 మే 31 లోపు నమోదైనవారికే అది డిగ్రీతో సమానం.

నిజమైన దారి మీకు కొంచెం పొడవు. ఇంటర్‌లో గణితం లేకపోతే పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాసి మూడేళ్ల డిప్లొమా, ఆపైన ఇంతకుముందు చెప్పిన దారుల్లో బీటెక్. పాలిసెట్‌లో పదో తరగతి స్థాయి ప్రశ్నలు, 120 మార్కులు, రెండు గంటలు, వయోపరిమితి లేదు. ఎక్కడ చేరినా ఆ కాలేజీ, ఆ బ్రాంచి పేరు ఆ ఏడాది ఏఐసీటీఈ అనుమతి పత్రంలో ఉందో లేదో ముందే చూడండి.

ప్రశ్న: బైపీసీ చదివి ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. వయసు 24. బీటెక్ కుదురుతుందా? – ఓ పాఠకురాలు, ఉదయగిరి

జవాబు: కుదురుతుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ మీకు ఉన్నాయి, లోటు గణితమే. దాన్ని ఇంటర్ బోర్డు ద్వారా అదనపు సబ్జెక్టుగా రాయండి, రెండేళ్ల సిలబస్సూ పూర్తిచేయాలి. ఆపైన ఈఏపీసెట్ (పాత ఎంసెట్): 160 ప్రశ్నల్లో 80 గణితమే. అందుకే బోర్డు పరీక్షకూ ఎంట్రెన్స్‌కూ కలిపి చదవండి, విడివిడిగా చదివితే సమయం చాలదు. గణితం పాసైన మెమో చేతికి వచ్చేదాకా ల్యాబ్ ఉద్యోగం మానకండి.