కొత్త మోటారు పెట్టాక పంపు మొరాయిస్తోంది

ప్రశ్న: అయ్యా, మాది గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. వంశధార ఒడ్డున పంపు ఉంది. పాత మోటారు కాలిపోతే, 5 హార్స్‌పవర్ 2880 స్పీడు (నిమిషానికి అన్ని చుట్లు) మోటారు కొన్నాను. "పాతది 1440, ఇది రెట్టింపు తిరుగుతుంది, నీళ్లూ రెట్టింపే" అన్నాడు షాపతను. పాత పుల్లీలే ఉంచి బెల్టు వేశాం. మోటారు మూలుగుతుంది, నిమిషం కాకముందే స్టార్టరు పడిపోతుంది. మా ఎలక్ట్రీషియన్ రిలే (కరెంటు ఎక్కువైతే స్టార్టరుని పడగొట్టేది) పెంచితే వైండింగ్ వాసన వచ్చింది. ఇంకొకటి. నారుమడికి నీళ్లు తక్కువ కావాలని మా అన్నయ్య పీల్చే పైపు మీది వాల్వు సగం మూసేవాడు. పంపులో గులకరాళ్లు దొర్లినట్టు శబ్దం. రాళ్లేమైనా పోయాయా?
- ఒక రైతు

జవాబు: బాబూ, షాపతను సగం నిజం చెప్పాడు. సెంట్రిఫ్యూగల్ పంపు, అంటే రెక్కల చక్రం తిప్పి నీటిని విసిరే నీ రకం పంపు, రెట్టింపు తిరిగితే నీళ్లు రెట్టింపు అవ్వాలి, నిజమే. కానీ అది నీటిని తోయగల ఎత్తు నాలుగింతలు అవుతుంది, అడిగే శక్తి ఎనిమిదింతలు అవుతుంది. నీ పంపు 1440 దగ్గర 3 హార్స్‌పవర్ తినేదనుకో. 2880లో 24 అడుగుతుంది. నువ్వు ఇచ్చింది 5. మూలగక ఏం చేస్తుంది?

ఈ తప్పు నేనూ చేశాను. నౌపడా-గుణుపురం లైన్లో ఇంకా చిన్న రైలు నడిచే రోజులు. పర్లాకిమిడిలో వైండింగ్ షాపు పెట్టిన కొత్త. ఒక రైతు నీళ్లు చాలడం లేదంటే, లెక్క చూడకుండా మోటారుకి పెద్ద పుల్లీ బిగించాను. సాయంత్రానికి మోటారు మాడిపోయింది. రాగి తీగ డబ్బు నా జేబులోంచే పోయింది.

మోటారు వెనక్కి ఇవ్వక్కర్లేదు, పుల్లీ మార్చు. పంపు మీద 8 అంగుళాల పుల్లీ ఉంటే మోటారుకి 4 అంగుళాలది వెయ్యి. 2880 సగమై పంపు 1440 దగ్గరే తిరుగుతుంది. కొంచెం ఎక్కువ నీళ్లు కావాలంటే నాలుగున్నర అంగుళాలది పెట్టు. పంపు 1620 తిరుగుతుంది, నీళ్లు సుమారు ఎనిమిదో వంతు పెరుగుతాయి, శక్తి మాత్రం 3 నుంచి నాలుగుంపావు దాకా పోతుంది. 5 లోపలే కనుక ఫర్వాలేదు. ఆపైన ఆశపడకు. పంపు నేమ్‌ప్లేటు మీద ఎంత స్పీడు రాసుందో కూడా చూసుకో. రైతులు మోటారు ప్లేటు చదువుతారు, పంపు ప్లేటు మీద మట్టి కూడా తుడవరు!

ఇక ఆ గులకరాళ్లు. రాళ్లేమీ పోలేదు. పీల్చే వైపు మూస్తే లోపల ఒత్తిడి పడిపోయి, చల్లటి నీళ్లే మరిగినట్టు బుడగలు కడతాయి. అవి ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్కల చక్రం) మీద పగిలినప్పుడు వచ్చే చప్పుడది. ఒక్కసారి పంపు విప్పి చూడు, ఇంపెల్లర్ రెక్కలు చీడ తిన్న ఆకుల్లా గుంటలు పడి ఉండొచ్చు. వేసవిలో వంశధార నీళ్లు దిగినప్పుడు పంపుకీ నీటికీ మధ్య ఎత్తు పెరుగుతుంది కదా, అప్పుడు వాల్వు మూయకపోయినా ఇదే శబ్దం రావచ్చు. ఆ ఎత్తు 6 మీటర్లు దాటనివ్వకు, పంపుని కిందికి దించు.

నీళ్లు తగ్గించాలంటే నీళ్లు బయటికి వచ్చే వైపు గేట్‌వాల్వు పెట్టి దాన్ని మూయాలి. అన్నయ్యతో చెప్పు, పీల్చే వైపు వాల్వు ఎప్పుడూ బార్లా తెరిచే ఉండాలి. బయటి వాల్వు మూస్తుంటే టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టి చూడు, ఆంపియర్లు తగ్గుతాయి. చాలామంది నమ్మరు, నీటిని బిగబట్టాం కనుక మోటారుకి బరువని అనుకుంటారు. ఈ రకం పంపుల్లో నీళ్లు తగ్గితే పనీ తగ్గుతుంది. అందుకే వాల్వు మూసి స్టార్టు చేసి మెల్లగా తెరవడం మంచిది. పూర్తిగా మూసి వదిలేయకు, లోపలి నీళ్లు తిరిగి తిరిగి వేడెక్కి గ్లాండు (షాఫ్టు దగ్గర నీళ్లు కారకుండా ఆపేది) పాడవుతుంది.

స్పీడు తగ్గించే డ్రైవు పెట్టమని కూడా ఎవరైనా చెప్తారు. కరెంటు ఆదా నిజమే గాని నీ చోట ఆలోచించు. 1440లో బయటి వాల్వు మూస్తే నీ పంపు 18 మీటర్ల ఎత్తు చూపిస్తుందనుకో, అంటే నీటిని తోయగల ఎత్తు అంతే. స్పీడు ఐదో వంతు తగ్గిస్తే అది పదకొండున్నరకి పడిపోతుంది. నది నుంచి నీ గట్టు ఎత్తు 12 మీటర్లయితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, పైపు నోట్లో చుక్క రాదు. నారుమడి నాలుగు వారాల పని, దానికి గేట్‌వాల్వు చాలు.

ఇవన్నీ తర్వాత. ముందు మెయిన్ తీసేసి, ఎలక్ట్రీషియన్ పెంచిన ఆ రిలే ముల్లుని వెనక్కి తిప్పు. 5 హార్స్‌పవర్ త్రీఫేజ్ మోటారుకి ఏడు, ఏడున్నర ఆంపియర్లు ఉంటుంది. నీ మోటారు ప్లేటు మీద ఎంత రాసుంటే అంతకే పెట్టు.