ముందు నీ కళ్ళకు అలవాటు చేయి

నెల్లూరు

చిట్టితల్లికి,

నీ బొల్లి మచ్చలకు ప్రత్యేకమైన కాంతితో చేసే చికిత్సకు, అదే ఫోటోథెరపీకి, వెళ్ళడం మానేశావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ గదిలో బట్టలు విప్పి నిలబడలేకపోతున్నానని నువ్వే ఉత్తరంలో రాశావు. అదే ఉత్తరం చివర, విదేశాల్లో బట్టలు లేకుండా సముద్రపు ఒడ్డున తిరిగేవాళ్ళకు సిగ్గెలా పోయిందని అడిగావు. నువ్వు అడిగింది వాళ్ళ గురించే అయినా, నీకు కావలసిన జవాబు నీ గురించేనని నాకనిపించింది.

వాళ్ళ సంగతి ముందు చెబుతాను. జర్మనీలో ఇది నూరేళ్ళకు పైబడిన అలవాటు. ఎండ, గాలి, నీళ్ళు ఒంటికి నేరుగా తగిలితే ఆరోగ్యమన్న ఉద్యమంగా పెరిగింది. 1953లో ఫ్రాన్స్‌లోని మోంటాలివేలో ఇలాంటివాళ్ళ అంతర్జాతీయ సమాఖ్య కూడా ఏర్పడింది. అక్కడికి కుటుంబాలతో వస్తారు. కూర్చునే చోట తువ్వాలు పరచుకోవాలి, ఎవరినీ తేరిపార చూడకూడదు, అడగకుండా ఫొటో తీయకూడదు. ముడతలు పడ్డ ఒళ్ళు, కుట్లున్న ఒళ్ళు, జారిన పొట్టలు అన్నీ కళ్ళ ముందే ఉంటాయి కనుక కాసేపటికి ఏదీ వింతగా కనిపించదు. వాళ్ళ సిగ్గు పోయింది కళ్ళకు అలవాటవడం వల్లే.

మనకూ ఇది బొత్తిగా తెలియనిది కాదు. 12వ శతాబ్దంలో శివభక్తురాలు అక్క మహాదేవి బట్టలు వదిలేసి, జుట్టే కప్పుకుని శ్రీశైలం చేరిందని చెబుతారు. మీరు దోర్నాల మీదుగా వెళ్ళే ఆ నల్లమలలోనే ఆమె పేరున్న గుహలున్నాయి. కానీ ఆమెది వైరాగ్యం. నువ్వు సంసారం కావాలనుకుంటున్న పిల్లవి. మైపాడులోనో కొత్తపట్నంలోనో ఆ విదేశీయుల్లా చేస్తే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు, మూడు నెలల దాకా జైలు పడవచ్చు. ఆ ఉద్యమం పేరు చెప్పుకుని ఇంటర్నెట్‌లో ఎవరైనా నీ ఫొటోలు అడిగితే మాత్రం జవాబు కూడా ఇవ్వకు.

నీ ఒళ్ళు ఎవరు చూడాలో తేల్చుకునే హక్కు నీది. ఆ హక్కును నేను వదులుకోమనడం లేదు. నీ ఒంటిని నువ్వే చూడలేకపోవడం వేరు, అది పోవాలి. నర్సుగా ఆడవాళ్ళ వార్డులోనే నా జీవితం గడిచింది. రెండు రొమ్ములూ ఒకే కొలతలో ఉన్న మనిషి అరుదు. కాన్పు చారలు, కాలిన మచ్చలు, పుట్టుమచ్చలు లేని ఒంటిని నేను చూసిన గుర్తు లేదు. రొమ్ములో గడ్డ చేతికి తగులుతున్నా, చూపించడానికి సిగ్గుపడి, నయమయ్యే దశ దాటాక వచ్చినవాళ్ళను మాత్రం చూశాను. సిగ్గు మీద నాకున్న కోపమంతా వాళ్ళ వల్ల వచ్చిందే.

నీకున్నది బొల్లి. చర్మానికి రంగునిచ్చే కణాలను ఒంటిలోని రక్షణ వ్యవస్థే దెబ్బతీయడం వల్ల వస్తుంది. అంటుకోదు, కుష్ఠు కాదు. చేపల పులుసు తిన్న పూట పెరుగు వేసుకున్నావని మీ నాయనమ్మ ఇంకా అంటోందట. అది నిజమైతే నెల్లూరులో సగం మందికి వచ్చి ఉండాలి. ఆమెతో వాదించకు, నువ్వు నమ్మకు, అంతే.

ఇప్పుడు చేయవలసింది. ఆదివారం తలంటు రోజున గడియ పెట్టుకుని, దీపం వేసుకుని, నువ్వుల నూనె ఒంటికంతా నీ చేత్తోనే పట్టించు. నైటీ మీద నీళ్ళు పోసుకునే అలవాటు మానేయి. పాదాల నుంచి మొదలుపెట్టి పైకి రా, మచ్చ దగ్గర చేయి ఆపకు, వేగమూ పెంచకు. మొదట్లో ఏడుపు వస్తే రానీ. అలా కొన్ని వారాలు గడిచాక అద్దం ముందు నిలబడు. ఆ తర్వాత ఇంట్లో పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని మీ అమ్మ ఎదుట తిరుగు. బయట ఎండలోకి వెళ్ళేటప్పుడు మాత్రం తెల్లబడిన చోట సన్‌స్క్రీన్ రాయాలి, అక్కడ చర్మం త్వరగా కమిలిపోతుంది. పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళకు సంగతి ముందే చెప్పమని మీ నాన్నతో నేను మాట్లాడతాను. దాచి చేసిన పెళ్ళిలో రోజూ భయపడుతూ బతకాలి.

చికిత్స మాత్రం ఇవన్నీ అయ్యేదాకా ఆపవద్దు. వారానికి రెండు మూడుసార్లు చొప్పున నెలల తరబడి చేస్తేనే ఫలితం తెలుస్తుంది, మధ్యలో మానేస్తే పడ్డ శ్రమ వృథా అవుతుంది. ముఖం మీద రంగు త్వరగా తిరిగి రావచ్చు, వేళ్ళ చివర కష్టం. ఆ గదిలో ఆడ మనిషే ఉండాలని అడుగు, చికిత్స అవసరం లేని భాగాలు కప్పుకోవచ్చా అని కూడా అడుగు. అడగడం నీ హక్కు. సోమవారం ఫోను చేసి మళ్ళీ సమయం తీసుకో. తోడు కావాలంటే ఏ రోజో చెప్పు, పొద్దున రైలుకే ఒంగోలు వస్తాను.

నీ పెద్దమ్మ