స్కాన్ సగంలో మూసుకుపోతున్న పాత ల్యాబ్ కంప్యూటరు: మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు

విజయనగరంలో డిగ్రీ కాలేజీ ల్యాబు, యూవీ స్పెక్ట్రోఫోటోమీటరుకి (ద్రావణం ఏ తరంగదైర్ఘ్యం కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యంత్రం) తగిలించిన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు, స్కాన్ సగంలో సాఫ్ట్‌వేర్ మూసుకుపోతోంది, తీసేసి మళ్లీ ఎక్కించమంటారా అని అడిగారు. వద్దండి. పాత సీడీ చదవకపోవచ్చు, లైసెన్సు ఆ డిస్కుకే ముడిపడి ఉండొచ్చు. ముందు హార్డ్‌డిస్కు ఊడదీసి, వేరే కంప్యూటరుకి కన్వర్టరుతో తగిలించి, క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాముతో మొత్తం ఇమేజ్, అంటే డిస్కుకి అచ్చు నకలు, తీసిపెట్టుకోండి. చదవడానికి డిస్కు మొరాయిస్తుంటే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము వాడండి. మంచి భాగాన్ని ముందు లాగేసి, చెడిన చోట్ల సంగతి తర్వాత చూస్తుంది. ఇమేజ్ చేతికొచ్చేదాకా విండోస్‌లో డిస్కు తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ జోలికి వెళ్లొద్దు. కొనప్రాణంతో ఉన్న డిస్కు ఆ శ్రమకే పోతుంది.

తర్వాత, స్కాన్ ఎక్కడ ఆగుతోందో కాగితం మీద రాసుకోండి. ప్రతిసారీ 340–350 నానోమీటర్ల దగ్గరే ఆగితే కంప్యూటరుని అనుమానించకండి. చాలా యంత్రాల్లో టంగ్‌స్టన్ దీపం నుంచి డ్యుటీరియం దీపానికి మారేది ఆ చుట్టుపక్కలే. దీపం మార్చడానికి అద్దం తిప్పే మోటారు బిగుసుకుంటే యంత్రం నుంచి జవాబు ఆలస్యమవుతుంది, పాత సాఫ్ట్‌వేర్ ఓపిక పట్టలేక కూలిపోతుంది. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే మాత్రం కంప్యూటరు పెట్టె తెరవాల్సిందే.

తెరిచే ముందు కంట్రోల్ ప్యానెల్, అడ్మినిస్ట్రేటివ్ టూల్స్, ఈవెంట్ వ్యూయర్‌లోకి వెళ్లండి, విండోస్ తప్పుల చిట్టా అక్కడే ఉంటుంది. సిస్టమ్ లాగ్‌లో ‘డిస్క్’ పేరుతో 7వ నంబరు ఈవెంట్ ఉంటే డిస్కులో బ్యాడ్ బ్లాకులు (చెడిన చోట్లు) ఉన్నట్టు. 11 అయితే మొదట డేటా కేబులు మార్చి చూడండి. అప్లికేషన్ లాగ్‌లో 1000వ నంబరు తెరిస్తే ఏ మాడ్యూల్ (ప్రోగ్రాము వాడే ఫైలు) దగ్గర, అందులో ఏ అడ్రసులో కూలిందో ఉంటుంది. అయిదారు ఎంట్రీలు పోల్చండి. అన్నిట్లో ఒకే మాడ్యూల్, ఒకే అడ్రసు ఉంటే తప్పు సాఫ్ట్‌వేర్‌దో, పాడైన ఫైలుదో. తలా ఒకటి ఉంటే ర్యామ్‌ని పట్టుకోండి.

మన తీరంలో చెమ్మ, ఉప్పుగాలి ఎక్కువ కాబట్టి ర్యామ్ కాళ్ల మీద నల్లటి పొర పడుతుంది. కరెంటు తీసేసి, చేతిని పెట్టె ఇనుముకి ఓసారి తాకించి, స్టిక్కు ఊడదీయండి. పెన్సిల్ రబ్బరుతో కాళ్లని పైనుంచి కిందికి మెల్లగా రుద్దండి. ఇసుక కాగితం వాడితే పూత పోతుంది. రబ్బరు పొడి బ్రష్షుతో దులిపి, రెండు పక్కలా క్లిప్పు ‘టక్’మనేదాకా నొక్కండి. రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాము నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్కు పనికిరాదు.

ప్రాసెసర్ పక్కన నిలబడ్డ కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా మార్చేయాలి: అదే మైక్రోఫారడ్, అంతే వోల్టేజి లేదా ఎక్కువ, 105 డిగ్రీల ‘లో ఈఎస్‌ఆర్’ (లోపలి నిరోధం తక్కువున్న) రకం. కెపాసిటరు ఒంటి మీద మైనస్ గుర్తుల పట్టీ ఉన్న వైపు మైనస్.

ల్యాబుల్లో సాయంత్రం మెయిన్ స్విచ్చే కట్టేస్తాం కదా, దానివల్ల మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల సెల్లు త్వరగా అయిపోతుంది. కరెంటున్నంతసేపు గడియారం దాని మీద ఆధారపడదు, లేనప్పుడే తింటుంది. కొత్త సెల్లు మూడు వోల్టుల పైన చూపిస్తుంది, మీటరు 2.7 దాకా దిగితే మార్చండి. తేదీ వెనక్కిపోతే లైసెన్సు తిరగబడుతుంది. సెల్లు తీసే ముందు బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల తెర) పేజీలన్నీ ఫోనుతో ఫొటో తీసుకోండి. అందులో డిస్కుతో మాట్లాడే పద్ధతి ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారిపోతే ఎక్స్‌పీ 7బీ నీలితెరతో ఆగుతుంది, జనం అప్పుడు విండోస్ పోయిందనుకుని ఫార్మాట్ చేసేస్తారు. ఆ ఒక్క సెట్టింగు వెనక్కి మారిస్తే చాలు.

యంత్రాన్ని కంప్యూటరుకి కలిపే సీరియల్ కేబులుకి యూఎస్‌బీ కన్వర్టరు వాడుతుంటే డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా టిక్కు తీసేయండి. కన్వర్టరుని ఎప్పుడూ అదే రంధ్రంలో పెట్టండి, లేకపోతే సాఫ్ట్‌వేర్ యంత్రాన్ని వెతికే కామ్ పోర్టు నంబరు మారిపోవచ్చు. యంత్రం, కంప్యూటరు రెండూ ఒకే యూపీఎస్ నుంచి, ఒకే ఎర్త్‌తో నడవాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, లాగ్‌లో ఇంకా అదే మాడ్యూల్ వస్తుంటే అప్పుడు మళ్లీ ఎక్కించండి. అదీ ఇమేజ్ నుంచి తీసిన కాపీ డిస్కు మీద. అసలు డిస్కు మీద పేరు, తేదీ రాసి బీరువాలో పెట్టండి.