మా వీధిలో మూడు క్లినిక్‌లు... ఏ ప్యాకేజీ మంచిది?

ప్రశ్న: మాది రామంతాపూర్. ఏడాది తిరక్కుండానే మా వీధిలో మూడు క్లినిక్‌లు వెలిశాయి. ఒకళ్లు 'మహిళల క్యాన్సర్ ప్యాకేజీ' 1,499 అని పాంప్లెట్ పంచితే, ఎదురువాళ్లు మర్నాడే 999 అని బోర్డు పెట్టారు. నాకు 36 ఏళ్లు, మా అత్తగారికి 58. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. పోటీ ఉంటే మనకే లాభం కదా డాక్టర్‌గారూ? ఏది చేయించుకోమంటారు? పాంప్లెట్ జతచేశాను.
– ఒక పాఠకురాలు

జవాబు: ధర తగ్గిన మాట నిజమే అమ్మా. కానీ తగ్గింది దేని ధరో చూడండి. మీరు పంపిన పాంప్లెట్‌లో ఉన్నవన్నీ రక్తపరీక్షలే. పైన పెద్దక్షరాల్లో వేసిన సీఏ-125 (రక్తంలో కొలిచే ఒక ప్రొటీన్) ఫైబ్రాయిడ్లు, అంటే గర్భాశయంలో క్యాన్సర్ కాని గడ్డలున్నా పెరగొచ్చు, నెలసరి రోజుల్లోనూ పెరగొచ్చు. ఏ లక్షణాలూ లేనివాళ్లు అండాశయ క్యాన్సర్ కోసం దాన్ని చేయించుకోనక్కర్లేదు. ఎక్కువొచ్చిందంటే ఇక స్కానింగులు, టెన్షన్.

రక్తం తీయడానికి బైకు మీదొచ్చే కుర్రాడు చాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు గది, కర్టెన్, మంచి లైటు, శుభ్రం చేసిన పరికరాలు, బిడియం పోయేలా మాట్లాడే నర్సు కావాలి. పలచటి ఎసిటిక్ యాసిడ్ రాసి, ఒక్క నిమిషం ఆగి, తేడా ఉన్నచోట తెల్లమచ్చ తేలుతుందేమో చూస్తారు. అంతే. పైసా మిగలని ఈ పరీక్ష పాంప్లెట్‌కెక్కదు.

30 దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూడాలన్నది కేంద్ర ప్రభుత్వ కార్యక్రమమే. ముఖద్వార పరీక్ష అయిదేళ్లకోసారి. రాష్ట్రంలో 2023లో మొదలైన 'ఆరోగ్య మహిళ' కార్యక్రమంలోనూ వీటిని చేర్చారు. మీ బస్తీ దవాఖానాలో చేస్తారా, లేకపోతే ఎక్కడికి పంపుతారో ఆశా కార్యకర్తను అడగండి. మీ అమ్మగారికో అక్కచెల్లెళ్లకో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే తప్ప మీకిప్పుడే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) అక్కర్లేదు.

అత్తగారి సంగతి వేరు. ముట్లుడిగాక, చూడాల్సిన భాగం లోపలికి వెళ్లిపోతుంది కాబట్టి ఆ యాసిడ్ పరీక్షను నమ్ముకోలేం. ఆవిడకు హెచ్‌పీవీ టెస్టు (ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసేది) గానీ పాప్‌స్మియర్ (అక్కడి కణాలు తీసి చూసేది) గానీ చేయించండి. రెండేళ్లకోసారి మామోగ్రామ్ కూడా. జర్దా కిళ్లీ అలవాటుందో లేదో మీరు రాయలేదు. ఉంటే ముందు నోరు చూపించండి.

మూడు క్లినిక్‌లతో నాకు కనిపించే ఇంకో చిక్కు ఉంది. జ్వరానికి ఒకచోట, షుగర్‌కి ఇంకోచోట, ఆఫరున్నప్పుడు మూడోచోట. చివరిసారి స్క్రీనింగ్, అంటే లక్షణాలు రాకముందే చేసే ఈ పరీక్ష, ఎప్పుడైందని అడిగే నాథుడుండడు. ప్రతివాళ్లూ పక్కవాళ్లు చేసే ఉంటారనుకుంటారు. అందుకని ఎక్కడో ఒక్కచోటే ఫైలు పెట్టుకోండి. డబ్బు కట్టేముందు కౌంటర్ దగ్గర అడగండి: "తేడా వస్తే ఫోన్ చేసేదెవరు? ఎక్కడికి పంపుతారు?" నీళ్లు నమిలితే, 999 కాదు 99కి చేస్తామన్నా వద్దు. తేడా ఉన్న రిపోర్టు ఇప్పటికే చేతిలో ఉంటే రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఓపీలో చూపించండి. అది ప్రభుత్వ ఆసుపత్రే. వెళ్లేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకోండి.